ఫైటు నిలబడేది దెబ్బ తినేవాడి వల్ల

నాయనా,

నువ్వు ఫైట్లు కంపోజ్ చేస్తున్న సినిమా రిహార్సల్ వీడియో పంపావు కదా, మూడుసార్లు చూశాను. మీ పిన్ని కూడా చూసి "కుర్రాళ్లు భలే ఎగురుతున్నారే" అంది. చిక్కంతా అక్కడే ఉంది. ఎగరడం కనిపించింది గానీ దెబ్బ కనిపించలేదు.

కరాటే సినిమా కదా, ఫైట్లు నిజంలా ఉండాలని మీ డైరెక్టర్ పట్టుబట్టాడన్నావు. ఉన్నదున్నట్టు నిజం తీస్తే చూడటానికేమీ ఉండదురా. చొక్కాలు పట్టుకుని లాక్కోవడం, కింద పడి దొర్లడం, నిమిషం తిరక్కుండానే ఆయాసం. జనం అడిగే నిజం వేరు. దెబ్బ తగిలితే తగిలినట్టుండాలి, తగిలాక దాని ఫలితం చివరిదాకా ఉండాలి. ముప్పై ఏళ్లు ఫైటర్‌గా తన్నులు తిని నేను నేర్చుకున్నది ఇదే. కొట్టేవాడు ఎంత బాగా చేసినా, తినేవాడు సరిగ్గా తినకపోతే ఆ ఫైటు తేలిపోతుంది.

నీ వీడియోలో నీలం బనీను కుర్రాడి మోకాలి మీద కిక్ పడింది. నాలుగు సెకన్లు తిరిగేసరికి వాడు అదే కాలి మీద లేచి గాల్లో గిర్రున తిరిగాడు. మరి ఆ కిక్ పెట్టడం ఎందుకు? కాగితం తీసుకుని దెబ్బలకు పద్దు రాయి. ఎవరికి, ఎక్కడ, ఎంత గట్టిగా తగిలిందో అన్నీ రాయి. పక్కటెముకల్లో తగిలినవాడు తనకు తెలియకుండానే మోచెయ్యి దించి ఆ పక్క కాచుకుంటాడు. అప్పుడు మొహం ఖాళీ అవుతుంది. తర్వాతి దెబ్బ అక్కడికే వెళ్లాలి. ఇలా అల్లుకుంటూ పోతే మూవ్‌మెంట్ల కోసం రాత్రంతా బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

1972లో బ్రూస్ లీ తనే డైరెక్ట్ చేసిన 'వే ఆఫ్ ది డ్రాగన్' చివర్లో, రోమ్ కొలోసియంలో చక్ నారిస్‌తో ఫైటు ఉంది. స్టయిల్ కోసం కాకుండా ఈ పద్దు కోసం మళ్లీ చూడు. మొదట్లో దెబ్బలు తినేది లీయే. కింద పడతాడు కూడా. ఆ తర్వాత పాదాల ఆట మారుస్తాడు, అవతలివాడి అంచనాకు దొరక్కుండా కదులుతాడు. నారిస్ తన పాత పద్ధతి వదలడు, అక్కడే దెబ్బతింటాడు. చివరికి ఒక చెయ్యి, ఒక కాలు పనిచెయ్యని స్థితిలోనూ అతను లేచి మీదికొస్తుంటే, లీ వద్దన్నట్టు తల ఊపుతాడు. ఆ తల ఊపడం చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. పది పల్టీలు కొట్టినా అది రాదు.

నీ రెండో ఫైట్లో పదిమంది హీరో చుట్టూ చేరి, రేషన్ షాపు దగ్గర నిలబడ్డట్టు వంతు కోసం చూస్తున్నారు. తప్పు వాళ్లది కాదు, నువ్వు ఎంచుకున్న చోటుది. చోటు ఇరుకు చెయ్యి. 2003 కొరియన్ సినిమా 'ఓల్డ్‌బాయ్'లో సుత్తి ఫైటు సన్నటి కారిడార్‌లో జరుగుతుంది. కెమెరా పక్కనుంచే సాగుతుంది, అంతా ఒకే షాట్. గోడలున్నాయి గనక గుంపు చుట్టుముట్టలేదు. మధ్యలో అందరూ అలసిపోయి ఊపిరి పీల్చుకోడానికి ఆగుతారు. నీకూ మెట్లో, గుమ్మమో ఉండకపోదు. ఆయాసాన్ని దాచకు, వాడుకో.

ఉత్త పిడికిలితో పుర్రె మీద గుద్దితే చాలాసార్లు ముందు విరిగేది గుద్దినవాడి చెయ్యే. చిటికెన వేలి వెనక ఎముక విరిగితే డాక్టర్లు బాక్సర్ ఫ్రాక్చర్ అంటారు. తలకి అరచేతి అడుగున మణికట్టు దగ్గరుండే గట్టి భాగం వాడించు, పిడికిలి పొట్టకి, పక్కలకి ఉంచు. ఇంకోటి, పంచ్ ఇస్తూ రెండో చెయ్యి నడుం దగ్గరికి లాక్కోవడం కటాలో, అంటే కరాటేవాళ్లు ఒంటరిగా సాధన చేసే కదలికల వరుసలో బాగుంటుంది, ఫైట్లో అయితే మొహం అప్పజెప్పినట్టే. ఆ చేత్తో అవతలివాడి మణికట్టు పట్టి లాగమను. అప్పుడు ఆ లాగుడికి అర్థం వస్తుంది, కరాటే తెలిసినవాళ్లు హాల్లో ఈల వేస్తారు.

కెమెరా సంగతి నీకు తెలిసిందే. మొహం మీద పంచ్ అయితే ఒకరి భుజం వెనక నుంచి పెట్టించు, మధ్యలో ఖాళీ కనపడదు. పక్కనుంచి పెడితే జానెడు దూరం కూడా పట్టిస్తుంది. సెకనుకు 24 ఫ్రేములకు బదులు 22లో తీస్తే కాస్త చురుకొస్తుంది. మరీ దించావంటే చార్లీ చాప్లిన్ నడకే.

ఒక షూటింగ్‌లో హీరోగారు టేక్‌లో కుడిచెయ్యి బదులు ఎడమచెయ్యి తిప్పారు. నా ముక్కు ఇప్పటికీ కొంచెం పక్కకే చూస్తుంది. అందుకే చెప్తున్నా, దెబ్బ తినేవాడు కళ్లతో సరే అన్నాకే కొట్టేవాడి చెయ్యి లేవాలి. ఒక్క మూవ్ మార్చినా మళ్లీ మొదట్నుంచి నెమ్మదిగా చేయించు. టైం లేదని ప్రొడక్షన్ వాళ్లు అరుస్తారు, అరవనీ.

ఆదివారం ఇంకో వీడియో పంపు. ఈసారి వెనక పాట పెట్టకు, అసలు సౌండే తీసేసి పంపు. డిష్యుం లేకుండా దెబ్బ కనిపిస్తోందో లేదో చూస్తాను. ఆ నీలం బనీను కుర్రాణ్ని మాత్రం కుంటమను.

మీ బాబాయ్