సముద్రం లేని ఊరి నుంచి లోతు చేపల చదువుకు

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. లోతు సముద్రంలో చేపలు ఎలా మసలుతాయో చదవాలని ఉంది. నాన్న పాకాల చెరువులో చేపలు పడతారు. ‘సముద్రమే చూడలేదు, ఈ చదువుతో ఉద్యోగం ఎక్కడొస్తది?’ అంటున్నారు. ఏం చేయాలి సార్?

జవాబు: బిడ్డా, నాన్న టెన్షన్‌లో న్యాయం ఉంది. అచ్చంగా ఈ ఒక్క పనికే తీసుకునే ఉద్యోగాలు మన దగ్గర చాలా తక్కువ. అలాగని ఆశ వదులుకోమని మాత్రం చెప్పను.

ముందు ఆ పని ఎలాంటిదో చూడు. బ్యారెలై అనే చేపకు 1939లోనే శాస్త్రీయ నామం పెట్టారు. గొట్టాల్లాంటి దాని కళ్లు ఎప్పుడూ పైకే చూస్తాయని చాలాకాలం అనుకున్నారు. వలలో పైకి లాగేసరికి తలమీది మెత్తటి పొర చితికిపోయేది. కాలిఫోర్నియాలోని మాంటెరీ బే పరిశోధకులు కెమెరా ఉన్న యంత్రాన్ని వందల మీటర్ల లోతుకు దింపారు. అప్పుడు కనిపించింది అసలు రూపం! తలకు అద్దంలాంటి గుమ్మటం, లోపల ఆకుపచ్చని కళ్లు. ఆ కళ్లు గుమ్మటంలోనే ముందుకు కూడా తిరుగుతాయని 2008లో ప్రచురించారు. చచ్చిన చేప ఒళ్లు చెబుతుంది కానీ నడవడిక చెప్పదు. అందుకే ఇందులో ఎక్కువ కాలం వీడియోలు చూస్తూ, రాస్తూ గడుస్తుంది. యంత్రం లైటు పడగానే బెదిరిపోయే చేపలూ ఉంటాయి, కాబట్టి చూసింది వేరు, ఊహించింది వేరు అని విడగొట్టుకోవాలి.

చదువు విషయానికొస్తే, జువాలజీతో బీఎస్సీ చెయ్యి. కాకతీయ యూనివర్సిటీ పరిధిలోని కాలేజీ చాలు. తర్వాత కొచ్చిలోని సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ (కుశాట్)లోనో, విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీలోనో మెరైన్ బయాలజీలో పీజీ, ఆపైన నెట్ పరీక్ష రాసి పీహెచ్‌డీ. ఇంట్లో త్వరగా సంపాదన కావాలంటే ఎప్‌సెట్ రాసి పెబ్బేరు మత్స్య కళాశాలలో బీఎఫ్‌ఎస్సీ (చేపల శాస్త్రంలో డిగ్రీ) చేరడం మేలు. మత్స్యశాఖ ఉద్యోగాలకు దారి ఉంటుంది, పరిశోధన వైపు వెళ్లే తలుపూ మూసుకుపోదు. నన్నడిగితే మీ ఇంటికి ఇదే నయం. ఇక లోతు సముద్రపు పని మన దేశంలోనూ ఉంది: కేంద్రం 2021లో లోతు సముద్ర పరిశోధన పథకం డీప్ ఓషన్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లే మత్స్య-6000 అనే జలాంతర్గామి వాహనాన్ని చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) తయారుచేస్తోంది. లోతు సముద్రపు జీవులపై పనిచేసే సంస్థ కొచ్చిలో ఉంది.

సాధన మాత్రం ఇప్పుడే మొదలుపెట్టు. వానాకాలంలో కొర్రమీను పిల్లల ఎర్రటి గుంపు గాలి కోసం నీటిపైకి వచ్చి పోతుంటుంది, కింద పెద్ద చేప కాపలా తిరుగుతుంది. గట్టు మీద కూర్చుని ఎంతసేపటికోసారి పైకి వస్తున్నాయో, నీడ పడితే ఏం చేస్తున్నాయో నోటుబుక్కులో రాయి. ఏ మూల వెతకాలో నాన్నను అడుగు, ఆయనకు తెలిసినంత నాకు తెలియదు.