వ్యాపారంలో మనసు పెట్టేవాడికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఉద్యోగం వదిలి, సొంత డబ్బుతో వ్యాపారంలోకి దిగుతున్నావని తెలిసింది. పని మీద నీ మక్కువను నేను శంకించను. రోజులు బాగాలేనప్పుడు మనుషులు నీతో నిలబడేది దాన్ని చూసే. కానీ లెక్కల్ని కప్పేసేదీ అదే. అందుకే బుర్ర చల్లగా ఉన్నప్పుడే కొన్ని సంగతులు కాగితం మీద పెట్టుకో.

ముందు ఇంటి ఖర్చుకు ఏడాదికి సరిపడా డబ్బు తీసి వేరే ఖాతాలో వెయ్యి. జీతాలివ్వడానికి లేకపోయినా దాన్ని ముట్టుకోకూడదు. మిగిలినదాంట్లో ఎంత మూలధనం, ఎంత వ్యాపారానికి నువ్విచ్చే అప్పు అన్నది మొదటిరోజే రాతకోతల్లో ఉండాలి. తర్వాత భాగస్వామి వచ్చాక నోటిమాట చెల్లదు. నీకూ నెలకింత జీతం రాసుకో, చిన్నదైనా సరే. ఊరికే పనిచేస్తే త్యాగంలా ఉంటుంది గానీ, నీ కష్టం ఖర్చులోకి రాక ధర తక్కువగా కడతావు. నీ చోట మేనేజర్‌ని పెట్టిన నెలే లాభం కనబడకుండా పోతుంది.

అప్పిచ్చేవాళ్లు నీ వ్యక్తిగత హామీ అడుగుతారు. ఎంత మొత్తానికి, ఎన్నాళ్లకు అన్నది పత్రంలో ఉండేలా పట్టుబట్టు. హద్దులేని హామీ మీద సంతకం చేస్తే రేపు పెరిగే అప్పులకు కూడా నువ్వే పూచీ. వాటా అమ్మేసి బయటపడినా, వాళ్లు రాతపూర్వకంగా విడుదల చేసేదాకా ఆ హామీ నిన్ను వదలకపోవచ్చు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

ప్రతి సోమవారం రాబోయే 13 వారాల నగదు లెక్క వేసుకో. చేతిలో ఉన్నది, వారంవారీ వసూళ్లు, జీతాలు, అద్దె, పన్నులు, వాయిదాలు, చివర మిగిలేది. వసూళ్ల వరుసలో బిల్లు మీది గడువు తేదీ వెయ్యకు, ఆ ఖాతాదారు క్రితంసారి నిజంగా కట్టడానికి ఎన్ని రోజులు తీసుకున్నాడో అది వెయ్యి. సరుకు 30 రోజులు గోడౌన్లో ఉండి, కొన్నవాడు 60 రోజులకు కట్టి, నువ్వు సరఫరాదారుకు 15 రోజులకే కడితే, నీ డబ్బు 75 రోజులు ఇరుక్కున్నట్టు. అమ్మకాలు రెట్టింపైతే ఇరుక్కునేదీ రెట్టింపే. లాభాల్లో ఉన్న వ్యాపారం కూడా అలాగే ఆగిపోతుంది. ఉత్సాహవంతుడికి ఇది మరీ ప్రమాదం, పెద్ద ఆర్డరు చూస్తే కాదనలేడు కదా.

పోలరాయిడ్ స్థాపించిన ఎడ్విన్ ల్యాండ్ సంగతి చూడు. తీసిన ఫొటో అక్కడికక్కడే చేతికొచ్చే కెమెరా 1948లో ఆయన పట్టుదలతోనే బజారుకొచ్చింది. అదే పట్టుదలతో 1977లో పోలావిజన్ అనే ఇంటి సినిమా యంత్రం తెచ్చాడు. ఒక్కో క్యాసెట్ సుమారు రెండున్నర నిమిషాలు, శబ్దం లేదు. అప్పటికే వీడియో టేపు యంత్రాలు అమ్ముడవుతున్నాయి. 1979లో భారీ నష్టంతో దాన్ని ఆపేశారు. రెండుసార్లూ మనిషి అతడే, నమ్మకం అంతే గట్టిది. నీ నమ్మకం ఎంత గట్టిదన్నది సరుకు అమ్ముడుపోతుందనడానికి రుజువు కాదు.

కాదనేవాళ్లు నీ దగ్గర మిగలాలి. మీటింగులో నువ్వు ముందు మాట్లాడితే, బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నీ ముఖం చూసి తలూపుతారు. అందరికంటే కొత్తగా చేరినవాళ్లతో మొదలుపెట్టించు, నువ్వు చివర మాట్లాడు. ఎవరు ఎంత వరకు నిన్ను అడగకుండా ఖర్చు పెట్టొచ్చో రాసివ్వు. ఆ హద్దులో వాళ్లు తీసుకున్న నిర్ణయం నీకు నచ్చకపోయినా తిరగతోడకు. ఒక్కసారి తిరగతోడావంటే మర్నాటి నుంచి ప్రతి చీటీ నీ బల్ల మీదికే వస్తుంది. ఇక నువ్వు రాత్రిళ్లు కూర్చోవడమే. అది అంకితభావం అనుకుంటావు కూడా.

ఇక ఆపడం. ఏ తేదీకి ఎంతమంది రెండోసారి కొనాలి, నీ డబ్బు ఎంత కరిగితే చాలించాలి, డబ్బు పెట్టకముందే రాయి. మొదటిసారి కొనేవాళ్లలో మొహమాటానికి కొనే చుట్టపక్కాలు ఉంటారు, అందుకే రెండోసారి అంటున్నాను. ఆ కాగితం నీ దగ్గర ఉంచుకోకు, గడువు దగ్గరపడ్డాక అంకెలు దిద్దబుద్ధవుతుంది. వ్యాపారంలో వాటా లేని, నీకు మొహమాటపడని మనిషికి ఇవ్వు. గడువు పొడిగించాలంటే అతడితో కూర్చుని, కొత్తగా ఏం తెలిసిందో చెప్పి పొడిగించుకో. 'ఇప్పటికే ఇంత పెట్టాం' అన్నది కొత్త సంగతి కాదు.

ముందు ఆ కాగితం రాయి, హామీ పత్రాల మీద సంతకాలు ఆ తర్వాత.

ఇట్లు,
మీ పెదనాన్న