తిరుమల ఎక్కిన కాళ్లకి మిషన్ పీక్ ఒక లెక్కా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. ఆర్నెల్లు ఉండి వెళ్దామని కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చారు. మా బాల్కనీలోంచి మిషన్ పీక్ కొండ కనిపిస్తుంది. రోజూ కాఫీ గ్లాసు పట్టుకుని దాన్నే చూస్తూ, "తిరుమల నాలుగుసార్లు నడిచి ఎక్కినవాణ్ణి, ఇదెంత!" అంటున్నారు. బీపీ మాత్ర వేసుకుంటారు, అప్పుడప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి. తీసుకెళ్లమంటారా?

జవాబు: ఎక్కడం వరకూ ఆయన లెక్క తప్పు కాదమ్మా. స్టాన్‌ఫర్డ్ అవెన్యూ గేటు నుంచి శిఖరానికి ఇంచుమించు 3 మైళ్లు, ఎక్కాల్సిన ఎత్తు 2,000 అడుగుల పైచిలుకు. అలిపిరి నుంచి తిరుమలకి ఎత్తు కూడా దాదాపు అంతే. కానీ ఆయన్ని ఒక్క మాట అడగండి: దిగేటప్పుడు ఎలా దిగారు? మనలో చాలామందిలాగే బస్సెక్కి ఉంటారు. మిషన్ పీక్ మీద బస్సు లేదు. మళ్లీ ఆ 3 మైళ్లూ ఆ మోకాళ్లతోనే దిగాలి.

ఇది నాకు మా అన్నయ్య నేర్పిన పాఠం. ఆయనదీ ఇదే ధీమా. జులైలో ఒకరోజు టిఫిన్లు తిని తీరిగ్గా 9 గంటలకి బయల్దేరాం. పైకి బాగానే ఎక్కాడు, దారంతా నాకే ధైర్యం చెప్పాడు. దిగేటప్పుడు సగం దూరం వచ్చేసరికి మోకాళ్లు గడగడా వణకడం మొదలెట్టాయి. దారి నిండా గులకరాళ్లు, అడుగు వేస్తే జారుతున్నాయి. ఇద్దరికీ కలిపి తెచ్చిన రెండు సీసాల నీళ్లూ పైనే అయిపోయాయి. కూర్చుందామంటే నీడేది? ఆ కొండ పడమటి వైపు ఎండుగడ్డి తప్ప చెట్టన్నది అరుదు. ఎవరో కాలేజీ పిల్ల తన సీసాలో సగం మాకు పోసి వెళ్లింది. ఎక్కడానికి పట్టినంతసేపూ దిగడానికీ పట్టింది. ఇంటికొచ్చాక రెండు రోజులు మంచం దిగలేదు, తిరుమల మాట మళ్లీ ఎత్తలేదు.

కాబట్టి ముందు డాక్టరుతో మాట్లాడండి, మోకాళ్ల సంగతి కూడా దాచకుండా చెప్పించండి. డాక్టరు సరేనంటే, కొన్ని వారాలు కొయోటీ హిల్స్ పార్కులో నడిపించండి. అక్కడి బేవ్యూ ట్రెయిల్ తారు దారి, ఎగుడుదిగుళ్లు తక్కువ. తర్వాత మిషన్ పీక్‌కే తీసుకెళ్లి మొదటిసారి సగం దూరం నుంచే తిప్పేయండి. దిగడం ఎలా ఉందో ఆయనకే తెలుస్తుంది. మీరు చెప్తే వినరు, నాన్నలు కదా.

పూర్తిగా ఎక్కే రోజుకి ఓలోనీ (Ohlone) కాలేజీ వైపు దారి మేలని నా అభిప్రాయం. కాస్త పొడవే గానీ వాలు కొంచెం నెమ్మది, మొదట్లో చెట్లు కూడా ఉంటాయి. పార్కింగ్‌కి డబ్బు కట్టాలి, కడితే పోయేదేముంది? స్టాన్‌ఫర్డ్ వైపు స్థలం చిన్నది, శని ఆదివారాల్లో తెల్లారకముందే నిండిపోతుంది. ఆ చుట్టుపక్కల వీధుల్లో వారాంతాల్లో పర్మిట్ లేకుండా కారు ఆపితే చలానా పడుతుంది. వేసవిలో వద్దు. కొండ పచ్చగా ఉండే ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్లండి, వాన పడిన మర్నాడు మాత్రం కాదు, బురద జారుతుంది.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, చేతికొకటి చొప్పున రెండు కర్రలు. దిగేటప్పుడు చిన్న చిన్న అడుగులు. ఆవులు దారికి అడ్డంగా పడుకుంటాయి. మన ఊరి ఆవులే అనుకుని నిమరబోతారు, ఆపండి. తల్లికీ దూడకీ మధ్యలోంచి అసలు వెళ్లకూడదు. ఎండాకాలం గడ్డిలో గిలక పాములు (రాటిల్‌స్నేక్‌లు) ఉంటాయి కాబట్టి దారి వదిలి అడ్డదారులు తొక్కొద్దు.

శిఖరం 2,517 అడుగులు. అక్కడ 1990లో పాతిన ఇనుప స్తంభం ఉంది, దాని దగ్గర ఫొటోకి క్యూ ఉంటుంది. ఆయన్ని ఆ క్యూలో నిలబెట్టకండి. పక్కనే ఏదైనా రాయి మీద, ముందు చుట్టూ చూసి, కూర్చోబెట్టండి. శాన్‌ఫ్రాన్సిస్కో బే (అఖాతం) అంతా కనిపిస్తుంది. మీ బాల్కనీ ఎటుందో ఆయన్నే వెతకమనండి.

ప్రశ్న: మిషన్ పీక్ మీంచి సూర్యోదయం చూద్దామని తెల్లవారుజామున 4 గంటలకి మొదలెడదామనుకుంటున్నాం, నలుగురు ఫ్రెండ్స్. పర్లేదా?

జవాబు: కుదరదు బాబూ. రాత్రిపూట పార్కు మూసేస్తారు, లోపల దొరికితే జరిమానా. తెరిచే వేళ గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంటుంది, కాలాన్ని బట్టి మారుతుంది కూడా. సూర్యోదయం సంగతి వదిలేసి, తెరవగానే ఎక్కండి. ఎండ ముదిరేలోపు దిగొచ్చేయొచ్చు.