ఆ వీపు మీద సిలువ దేనికి?

చిరంజీవికి,

నువ్వు పంపిన పన్నెండు నిమిషాల సినిమా చూశాను, స్క్రిప్టు కూడా చదివాను. మంచాన పడ్డ తండ్రికి కొడుకు ఒళ్లు తుడిచే సన్నివేశం బాగుంది. గుడ్డ ముంచే ముందు నీళ్ల వేడి మోచేత్తో చూసుకున్నాడే, అక్కడ సినిమా ఆపి కాసేపు లేచి తిరిగాను. మెచ్చుకోలు ఇంతటితో సరి. ఎందుకంటే ఆ వెంటనే నువ్వు చేసిన పనికి నాకు కోపం వచ్చింది.

తండ్రి వీపు మీద నీళ్లు జారుతున్నాయి. వెన్నుపూసలు లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి. సరిగ్గా అప్పుడే తెర మీదికి మెల్లగా ఒక సిలువ తేలుతూ వచ్చింది. వెనక వయొలిన్, ఆపైన బైబిల్లోని ఇరవై మూడో కీర్తన చదివే గొంతు. అది చాలదన్నట్టు పాత ఫిల్ము మీద గీతలు పడ్డట్టు ఎఫెక్టు. ఎవరికి భయపడి పెట్టావమ్మా ఇవన్నీ? సంఘంలో పెద్దలు సందేశం ఏదని అడుగుతారేమోనని సిలువ పెట్టావు. ఫెస్టివల్ వాళ్లు ప్రయోగం ఏదని అడుగుతారేమోనని గీతలు పెట్టావు. మధ్యలో ఆ ముసలాయన వీపు ఎవరికీ పట్టకుండా పోయింది.

ఎన్నాళ్లుగానో అందరితో ఇదే వాదిస్తున్నాను, ఇప్పుడు నీ వంతు. విశ్వాసాన్ని గుర్తులతో చూపించకు. పావురం, వెలుగు కిరణం, కొండ మీద సూర్యోదయం కనపడగానే ప్రేక్షకుడు ‘సరే, అర్థమైంది’ అనుకుని చూడటం మానేస్తాడు. దేవుడు మనిషి ఒంటితో వచ్చాడని, ఆకలీ దాహమూ నొప్పీ పడ్డాడని నమ్మేవాళ్లం మనం. అలాంటి మనమే ఒంటిని చూపించడానికి జంకి దాని మీద బొమ్మలు అతికిస్తే ఎట్లా?

జర్మన్ చిత్రకారుడు గ్రూనెవాల్డ్ జంకలేదు. 1512-16 ప్రాంతంలో ఈసెన్‌హైమ్‌లోని ఒక మఠానికి బలిపీఠం చిత్రం గీశాడు. అక్కడి సన్యాసులు ‘సెయింట్ ఆంథొనీ మంట’ అనే రోగం వచ్చినవాళ్లకి సేవ చేసేవారు. రై ధాన్యానికి పట్టే బూజు వల్ల వచ్చే జబ్బు అది. కాళ్లూ చేతులూ కుళ్లేవి, చర్మం మండిపోయేది. ఆయన గీసిన క్రీస్తు ఒంటి నిండా పుళ్లు, పచ్చబారిన చర్మం, వంకర్లు పోయిన వేళ్లు. ఆ రోగులు దాన్ని చూసినప్పుడు వాళ్లకి ఎవరూ వాక్యం వివరించక్కర్లేదు. తమ రోగమే ఆయన ఒంటి మీద కనిపించింది. నీ సినిమాలో ఆ వీపు చేయాల్సిన పని అదే. నువ్వు చేయనివ్వలేదు.

ఇలాంటి సినిమాలు విశ్వాసులకి అర్థమవుతాయా అని అడిగావు. బైబిల్లో యెహెజ్కేలు గ్రంథం నాలుగో అధ్యాయం తియ్యి. ఆ ప్రవక్త ఇటుక మీద యెరూషలేము పట్టణాన్ని గీసి, దానికి ముట్టడి వేసి, ఎడమ పక్కన 390 రోజులు, కుడి పక్కన 40 రోజులు పడుకోవాలి. ఏ ఆర్ట్ గ్యాలరీ అయినా ఇంతకన్నా విడ్డూరమైన ప్రదర్శన పెట్టిందా? వివరణ కూడా ఉంది, నిజమే. పన్నెండో అధ్యాయంలో ఆయన గోడకి కన్నం వేసి మూటతో బయటికి పోతాడు. జనం ‘ఏం చేస్తున్నావు’ అని అడిగాకే దాని అర్థం చెప్పమంటాడు దేవుడు. అడిగాక! నువ్వు ఎవరూ నోరు తెరవకముందే చెప్పేశావు.

డెన్మార్క్ దర్శకుడు డ్రయర్ 1928లో జోన్ ఆఫ్ ఆర్క్ సినిమాకి పెద్ద కోట సెట్టు కట్టించి, దాన్ని సరిగా చూపించనే లేదు. మేకప్ లేని ముఖాలు చూపించాడు. ఇటలీ దర్శకుడు పాసోలినీ సంగతి చెప్పాలంటే నాకు పాత కోపం ఒకటి గుర్తొస్తుంది. ఆయన మార్క్సిస్టు, దేవుణ్ణి నమ్మనివాడు. 1964లో మత్తయి సువార్తని సినిమాగా తీసి పోప్ ఇరవై మూడో జాన్ స్మృతికి అంకితమిచ్చాడు. పెద్ద వయసు మరియగా తన సొంత తల్లినే పెట్టాడు. యేసు విచారణని గుంపులో వెనక నిలబడ్డవాడు తలల సందుల్లోంచి చూసినట్టు తీశాడు. దగ్గరికి పోలేం, సరిగ్గా వినపడదు. ఈ సంగతి మీద నేను రాసిన పేరాని ఒక క్రైస్తవ పత్రిక సంపాదకుడు కొట్టేశాడు. నాస్తికుడి దగ్గర మనం నేర్చుకునేదేముంది అన్నాడు. ఆయన ఆ సినిమా చూడలేదని తర్వాత తెలిసింది.

నేనూ ఒకటి తీశాను. ఆసుపత్రిలో శవాలని శుభ్రం చేసే ఒకావిడ చేతులు. మాటల్లేవు, సంగీతం లేదు. సంఘంలో వేస్తే ఒక పెద్దాయన లేచి “ఇందులో యేసు ఎక్కడున్నాడు బ్రదర్?” అన్నాడు. ఫెస్టివల్‌కి పంపితే మతం కాస్త తగ్గించమని రాశారు. ఏ షాట్‌లో కనిపించిందో వాళ్లకి! చివరికి ఆవిడకే చూపించాను. చివరిదాకా చూసి, “ఆ రెండో దుప్పటి నేను అట్లా మడవను, మీరు తొందరపెట్టారు” అంది. నా సినిమా మీద నాకు పనికొచ్చిన విమర్శ అదొక్కటే.

అట్లాగని షాట్‌ని ఊరికే సాగదీయకు. నెమ్మదిగా ఉంటే చాలు పవిత్రమైపోతుందనే ఫ్యాషన్ ఒకటి నడుస్తోంది, చిరాకు నాకు. అరగంట సేపు ఖాళీ కుర్చీ చూపించి ధ్యానం అంటారు. షాట్‌లో ఎవరో ఒకరు ఏదో పని చేస్తూ ఉండాలి, ఆ పని అయ్యేదాకా కెమెరా ఆగాలి. అంతే లెక్క.

కీర్తన తప్పదనుకుంటే కొడుకునే పాడుకోనీ. తుడుస్తూ తుడుస్తూ మధ్యలో చరణం మర్చిపోనీ, మళ్లీ మొదలుపెట్టనీ. గొంతు బాగుండక్కర్లేదు.

బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చాలా అన్నావు. వద్దు, జబ్బు మనిషి ఒంటి రంగే పోతుంది. నిన్ను ‘క్రైస్తవ దర్శకురాలు’ అని పిలవనివ్వాలా వద్దా అన్నది నీ ఇష్టం, నాకు ఆసక్తి లేదు. నిధులు ఎవరిస్తారో నాకు తెలీదు. తెలిసుంటే నా రెండో సినిమా ఎప్పుడో పూర్తయ్యేది.

ఉంటాను.