తాతగారి లారీ పైపు మార్చినవాణ్ని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు 1968లో కొన్న టాటా మెర్సిడెస్ బెంజ్ లారీ ఇప్పటికీ మా దొడ్లో ఉంది. ఏటా దసరాకి కడిగి, బొట్లు పెట్టి, ఊళ్లో ఒక చుట్టు తిప్పుతాం. మావాడు పదో తరగతి. పోయిన వేసవిలో దాని ఆయిల్ ప్రెజర్ మీటరు పైపు మార్చబోయి ఇరవై రోజులు పాడుచేసుకున్నాడు. మొదట ప్లాస్టిక్ గొట్టం వేస్తే కరిగిపోయింది, రాగిది వేస్తే చిట్లింది, మూడోసారికి నిలిచింది. ఇప్పుడు పది అవగానే విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రి దగ్గర చేరతానంటున్నాడు. ఎంపీసీలో వేసి కంప్యూటర్స్ చదివించాలని మా కోరిక. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఇరవై రోజులు పాడయ్యాయని మీరు బాధపడ్డారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చిన సంగతి అదే.

అలాంటి పాత మీటర్లకు కరెంటుతో పని లేదు. ఇంజనులోని ఆయిలే సన్నటి గొట్టం గుండా డ్యాష్‌బోర్డు దాకా వస్తుంది. మీటరు లోపల వంకరగా వంచిన ఒక బోలు గొట్టం ఉంటుంది. ఆయిల్ ఒత్తిడికి అది సాగి తిన్నగా అవబోతుంటే ముల్లు కదులుతుంది. 1849లో బూర్డాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు పేటెంటు తీసుకున్న ఉపాయం ఇది. కాబట్టి ఇంజను నుంచి వచ్చే ఆ సన్నటి గొట్టం తెగితే పోయేది మీటరొక్కటే కాదు. వేడి ఆయిల్ డ్రైవరు కాళ్ల మీదికి చిమ్ముతుంది, చూసుకోకపోతే ఇంజన్లో ఆయిల్ ఖాళీ అయ్యి, తిరగకుండా పట్టేస్తుంది. మీవాడు చేసింది చిన్నపిల్లల ఆట అనుకోకండి.

మొదట కరిగింది అన్నారు. నైలాన్ గొట్టం వేయడం తప్పేమీ కాదు, చాలా మీటర్లకు అదే వస్తుంది. దాన్ని సైలెన్సరు వైపు వేడి తగిలేచోట నుంచి లాగి ఉంటాడు, అదే తప్పు. రెండోసారి రాగి గొట్టాన్ని తిన్నగా, బిర్రుగా బిగించి ఉంటాడు. ఇంజను ఒక రకంగా ఊగుతుంది, క్యాబిన్ ఇంకో రకంగా ఊగుతుంది. మధ్యలో ఉన్న రాగి అటూ ఇటూ వంగి వంగి గట్టిపడి, నట్టు దగ్గర చిట్లుతుంది. మూడోసారికి నిలిచిందంటే, ఇంజను దగ్గర రెండు మూడు చుట్లు చుట్టి వదిలి ఉంటాడు. ఆ చుట్టలు స్ప్రింగులా ఊగి అదురును మింగేస్తాయి. బానెట్ ఎత్తి చూడండి, నా ఊహ నిజమో కాదో తెలుస్తుంది.

అప్పుడు వాణ్ని కూర్చోబెట్టి ఒక్క మాట అడగండి: 'చుట్టలు ఎందుకు పెట్టావు?' మేస్త్రి చెప్పాడంటే మంచిదే, చెప్పింది విని చేయగలడన్నమాట. తనకే తట్టిందంటే ఇంకా మంచిది. 'అదురుకి రాగి గట్టిపడుతుందట, ఎందుకో తెలీదు' అన్నాడనుకోండి, నాకు కావలసిన జవాబు అదే. ఎందుకంటే గట్టిపడిన రాగిని ఎర్రగా కాలిస్తే మెత్తబడుతుందని మేస్త్రికి తెలుసు. ఎందుకు మెత్తబడుతుందో షెడ్లో ఎవరూ చెప్పరు, అది క్లాసులో చెప్తారు.

ఇంకో ఉదాహరణ. ఎనిమిదో వంతు అంగుళం పైపు నట్లలో బ్రిటిష్ రకానికి అంగుళానికి 28 మరలు, అమెరికా రకానికి 27. ఒక్క మర తేడా. ఒకదాంట్లో ఇంకొకటి రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. తెలియనివాడు పానా మీద బలం పెడతాడు. నట్టు ఎక్కే చోట పోత ఇనుము పగిలిందా, ఇంజను బ్లాకే పోయినట్టు. చేతి పని వచ్చినవాడికి కొలతల చదువు ఎందుకని అడిగేవాళ్లకు నేను ఈ నట్టు సంగతే చెప్తుంటాను.

అందుకని మీ ఇద్దరి మాటా నేను ఒప్పుకోను. పది కాగానే పూర్తిగా షెడ్లో పడేయకండి. పద్దెనిమిది నిండని పిల్లల్ని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని చట్టం ఉంది. అలాగని రెండుసార్లు చెడినా మూడోసారి తనంతట తాను బానెట్ ఎత్తినవాణ్ని రెండేళ్లు ఎంపీసీ హాస్టల్లో కూర్చోబెట్టి కంప్యూటర్స్ సీటు కోసం తోమడం కూడా నాకు నచ్చదు. ఇంట్లో టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

పది పరీక్షలవగానే పాలిటెక్నిక్‌లో చేరే పరీక్ష, పాలిసెట్ రాయించండి. ఆటోమొబైల్ ఇంజనీరింగ్ డిప్లొమా మూడేళ్లు, దొరకకపోతే మెకానికల్ అయినా సరే. డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు, కాబట్టి ఇంజనీరు తలుపు మూసుకుపోదు. వాడి లెక్కల మార్కులు మీరు రాయలేదు. లెక్కలంటే నిజంగా భయమైతే ఐటీఐలో రెండేళ్ల మోటారు వెహికల్ మెకానిక్ ట్రేడు చూడండి. డీజిల్ మెకానిక్ ఏడాదే, కానీ తొందరపడనక్కర్లేదు. ఐటీఐ అయ్యాక ఆర్టీసీ డిపోల్లో అప్రెంటిస్‌గా చేరవచ్చు. కావాలంటే ఆ రెండేళ్ల ట్రేడుతో పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి వెళ్లే దారీ ఉంది. సెలవులు మాత్రం వాడివి. మేస్త్రి పక్కన నిలబడి చూడనివ్వండి, చల్లారిన ఇంజను మీదే చెయ్యి వేయనివ్వండి.

పాత బళ్లు బాగుచేయడమే వృత్తిగా పెట్టుకుంటానంటే కాస్త ఆపండి. 2021లో కేంద్రం వింటేజ్ బళ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న సొంత వాడకపు రెండు, నాలుగు చక్రాల బళ్లకు నంబరులో 'వీఏ' అక్షరాలు, కొత్త రిజిస్ట్రేషన్‌కి ఇరవై వేల రూపాయల ఫీజు. కానీ వాటిని రోజువారీగా తిప్పకూడదు, అద్దెకు నడపకూడదు. తిరగని బండికి రిపేరు ఎంతని వస్తుంది? సరదా ఉన్న డబ్బున్నవాళ్లు కొద్దిమంది, వాళ్లలో చాలామంది ఉండేది పెద్ద నగరాల్లో. మీవాడికి అది పక్క ఆదాయంగా బాగుంటుంది, ఇల్లు గడవడానికి చాలదు. అదే చేతికి వరికోత మిషన్లున్నాయి, పొక్లెయిన్లున్నాయి. వాటి హైడ్రాలిక్ పైపుల్లో ఒత్తిడి మీ లారీ ఆయిల్ పైపుకంటే ఎన్నో రెట్లు. సీజన్లో ఒక్క గొట్టం పగిలితే రైతు పొలం గట్టున నిలబడి ఎంతైనా ఇస్తానంటాడు. కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఆ పని తెలిసినవాడు ఖాళీగా కూర్చోడు. కరెంటు బళ్లొస్తే డీజిల్ పోతుంది కదా అని భయపడతారేమో. బ్యాటరీని చల్లబరిచే నీళ్ల గొట్టాలు వాటికీ ఉంటాయి, లీకులూ ఉంటాయి.

అన్నట్టు, బానెట్ ఎత్తినప్పుడు ఇంకొకటి కూడా చూడండి. గొట్టం క్యాబిన్‌లోకి వచ్చే రంధ్రానికి రబ్బరు వాషరు వేశాడా? వేయకపోతే దసరాకి బండి తీసేలోపే వేయించండి. బండి కదిలినప్పుడల్లా రేకు అంచు రాగిని కొంచెం కొంచెం కోస్తుంది.