ఒక్క రాత్రిలో సొరంగం తవ్వడం సాధ్యమేనా? మణికట్టులో ఉన్నదాన్ని కూడా సొరంగమనే ఎందుకంటారు?

ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. కథల్లో కోటలోంచి ఊరి బయటి గుడిదాకా రాత్రికి రాత్రే సొరంగం తవ్వేస్తుంటారు కదా, అది నిజంగా అయ్యే పనేనా అన్నది మొదటిది. మణికట్టులో ఉందని డాక్టర్లు చెప్పే 'కార్పల్ టనల్'కీ కొండలో తొలిచే టనల్‌కీ పేరు తప్ప పోలికేమైనా ఉందా అన్నది రెండోది. సొరంగం పనుల్లో ఉన్నవాళ్లకు ఈ రెండూ దగ్గరి విషయాలే. ఎందుకో కింద చెప్తాను.

ముందు మట్టి లెక్క చూడండి. మనిషి వంగి నడవడానికి మీటరున్నర ఎత్తు, 80 సెంటీమీటర్ల వెడల్పు చాలనుకుందాం. పొడవు 200 మీటర్లు. అంటే 240 ఘనపు మీటర్లు. నేలలో బిగిసి ఉన్న మట్టి తవ్వగానే గుల్లబారి కనీసం పావు వంతు పెరుగుతుంది కాబట్టి బయటికి మోయాల్సింది 300 ఘనపు మీటర్లు. తట్టకు 15 లీటర్లు పట్టినా 20 వేల తట్టలు! పైగా 80 సెంటీమీటర్ల సందులో ముందు నిలబడి గడ్డపార వేయగలిగేది ఒక్కడే. వెయ్యి మందిని పెట్టినా మిగతా 999 మంది వెనక నిలబడాల్సిందే.

ఈ విషయం వ్యాస భారతానికి బాగా తెలుసు. లక్క ఇంటి ఘట్టంలో విదురుడు పంపిన ఖనకుడు (సొరంగాలు తవ్వేవాడు) పైకి కందకం తవ్వుతున్నట్టు కనబడుతూ లోపల బిలం తవ్వాడని ఉంటుంది. అదే అసలు కిటుకు. సొరంగాన్ని దాచడం తేలిక, దాచలేనిది మట్టిని. కందకం పని జరుగుతున్న చోట మట్టి కుప్పలు ఎన్నున్నా ఎవరూ అడగరు. దుర్యోధనుడి మనిషి పురోచనుడు ఎప్పుడూ వాకిట్లోనే ఉంటాడు కాబట్టి బిలం నోరు ఇంటి నడిమధ్యలో పెట్టి, నేలకు సమంగా తలుపు మూశాడు. పాండవులు ఆ ఇంట్లో ఏడాది ఉన్నాకే తప్పించుకున్నారు. సొరంగం పని తెలిసినవాళ్లు చదివితే ఆ ఏడాది గడువు చాలా నమ్మకంగా అనిపిస్తుంది.

రాయిలో అయితే ఇంకో లెక్క. 7 మీటర్ల వెడల్పు, 7 మీటర్ల ఎత్తున్న 'డి' ఆకారపు సొరంగం తీసుకోండి. ఫేస్ (తవ్వుతున్న ఎదురు గోడ) మీద ఎర్ర పెయింటుతో గుర్తులు పెట్టి, 45 మిల్లీమీటర్ల రంధ్రాలు సుమారు వంద, మూడు మీటర్ల పైచిలుకు లోతుకు వేస్తారు. మధ్యలో మూడో నాలుగో పెద్ద రంధ్రాలు పేలుడు మందు పెట్టకుండా ఖాళీగా వదిలేస్తారు. పగిలిన రాయికి జరగడానికి చోటుండాలి, లేకపోతే మందు దండగై రాయి అక్కడే బిగుసుకుంటుంది. ముందు మధ్యది పేలుతుంది, తర్వాత చుట్టూ వరసగా, చివర్న అంచువి. అంచు రంధ్రాలు దగ్గర దగ్గరగా, 50-60 సెంటీమీటర్లకొకటి వేసి, మందు తక్కువ పెట్టాలి. పొగ పోయాక అంచు రాయి మీద గొట్టాన్ని నిలువునా చీల్చినట్టు సగం రంధ్రాల గీతలు కనబడ్డాయంటే బ్లాస్టు బాగా వచ్చినట్టు. అవి కనబడక గుంటలు పడితే మందు ఎక్కువైంది, లేదా డ్రిల్ వంకర పోయింది. ఆ గుంటలన్నీ కాంక్రీటుతో నింపాల్సిందే.

ఒక బ్లాస్టుకు ముందుకు వెళ్లేది మూడు మీటర్లు. రాయి పగిలాక ఒకటిన్నర రెట్లవుతుంది కాబట్టి దాదాపు 200 ఘనపు మీటర్ల మక్ (పగిలిన రాళ్ల కుప్ప), 14 ఘనపు మీటర్ల టిప్పర్లు పద్నాలుగు, పదిహేను ట్రిప్పులు. దానికి ముందు అరగంట పొగ లాగాలి, లూజు రాళ్లు దులపాలి. దులిపేవాడు ముందే గట్టిపరిచిన కప్పు కింద నిలబడి ముందుకు దులుపుకుంటూ పోవాలి తప్ప నేరుగా కొత్త కప్పు కిందికి వెళ్లకూడదు. తర్వాత షాట్‌క్రీట్ (గొట్టంతో రాయి మీదికి చిమ్మే కాంక్రీటు), రాక్ బోల్టులు (రాయిలోకి దించి బిగించే ఇనుప కడ్డీలు). ఇదంతా కలిపి మంచి రాయిలో రోజుకు ఒకటి, బాగా నడిస్తే రెండు బ్లాస్టులు. అంటే ఒక రాత్రికి మూడు మీటర్లు, ఇన్ని యంత్రాలుండి కూడా.

ఎక్కువమందికి అర్థం కానిది ఇక్కడే ఉంది. సొరంగాన్ని మోసేది మనం వేసే కాంక్రీటు ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న రాయి కూడా. ఆ రాయి వదులుకాక ముందే దాన్ని పట్టుకోవాలి, మనం చేసేది అంతే. అందుకే షాట్‌క్రీట్ మొదటి పొర 5 సెంటీమీటర్లే అయినా ఆలస్యం చేయకూడదు. నాజిల్ రాయికి ఎదురుగా, మీటరు నుంచి మీటరున్నర దూరంలో పట్టాలి. వంచి పడితే సగం కిందికి రాలుతుంది. రాలినదాన్ని మళ్లీ వాడకూడదు. దుమ్ము కడగకుండా కొడితే అతుక్కోదు, మర్నాడు సుత్తితో తడితే డొల్ల శబ్దం వస్తుంది. బోల్టు విషయంలో రెండు తప్పులు ఎక్కువ: గడువు తీరిన రెజిన్ (బోల్టును రాయికి అతికించే జిగురు) గొట్టాలు వాడటం, ప్లేటు రాయికి ఆనకుండా నట్టు వదిలేయడం. ప్లేటు ఊగుతుంటే ఆ బోల్టు ఉన్నా లేనట్టే. కప్పుకూ గోడలకూ బిగించిన గుర్తులు ఎన్ని మిల్లీమీటర్లు జరిగాయో రోజూ కొలుస్తారు. జరగడం రోజురోజుకూ తగ్గుతుంటే ఫర్వాలేదు. తగ్గుతూ వచ్చింది మళ్లీ పెరిగిందా, మనుషుల్ని బయటికి తెచ్చి తర్వాత కారణం వెతకాలి.

నీటిది ఇంకా పెద్ద సమస్య. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో, జలాశయం ఉన్న దోమలపెంట వైపు నుంచి సుమారు 14 కిలోమీటర్ల లోపల కప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. నీటి ఊట, బురద, రాయి కలిసి వచ్చిపడ్డాయి. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం అది. పైన నల్లమల పులుల అభయారణ్యం కాబట్టి మధ్యలో ఎక్కడా పక్కదారి తవ్వలేదు, రెండు చివర్ల నుంచే పని. నీళ్లు జలాశయం నుంచి అవతలికి పారాలి కాబట్టి దోమలపెంట వైపు నుంచి తవ్వేవాళ్లు పల్లంలోకి పోతుంటారు. ఊరిన ప్రతి చుక్కా ఫేస్ దగ్గరికే చేరుతుంది, పంపు ఆగితే అక్కడే చెరువు. టీబీఎం (సొరంగం తొలిచే భారీ యంత్రం) అయితే సొరంగాన్ని నిండా ఆక్రమించి ఉంటుంది. వెనక బిగించిన సెగ్మెంట్ల (కాంక్రీటు పలకల) రింగు దాని కట్టర్ కంటే చిన్నది కాబట్టి యంత్రాన్ని వెనక్కి లాగే వీల్లేదు. ఇలాంటి చోట్ల ఫేస్ నుంచి 20-30 మీటర్లు ముందుకు ప్రోబ్ రంధ్రం వేసి చూడటం, నీళ్లొస్తే ముందే గ్రౌట్ (పగుళ్లు పూడ్చే సిమెంటు పాలు) కొట్టడం తప్పనిసరి. రోజువారీ పురోగతి కోసం ప్రోబింగ్ మానేయడం ఎక్కడ కనిపించినా గట్టిగా అడ్డుచెప్పాలి.

ఇక మణికట్టు. అదీ నిజంగా సొరంగమే. అడుగునా పక్కలా మణికట్టు ఎముకలు, పైకప్పుగా సాగని గట్టి స్నాయువు. లోపల వేళ్లను మడిచే తొమ్మిది టెండాన్లు (కండను ఎముకకు కలిపే తాళ్లు), ఒక్క మీడియన్ నరం. మామూలుగా లోపలి ఒత్తిడి 2-3 మిల్లీమీటర్ల పాదరసం. టెండాన్ల తొడుగులు వాచి కార్పల్ టనల్ జబ్బు వచ్చినవాళ్లలో 30 దాటుతుంది, మణికట్టు మడిస్తే 90 దాకా పోతుంది. గోడలు జరగవు కాబట్టి నలిగేది అన్నిటికంటే మెత్తనిది, నరం. కొండలో కప్పును కాపాడతాం. ఇక్కడ ఆపరేషన్ అంటే కప్పును కోసేయడమే.

చేత్తో పట్టుకుని డ్రిల్ చేసే జాక్‌హామర్ మనుషుల్లో ఇది ఎక్కువ. అదురు, గట్టి పట్టు రెండూ కారణాలే. సుగరు, థైరాయిడ్ తక్కువవడం, గర్భం కూడా కారణాలవుతాయి. గుర్తుపట్టడం ఇలా: బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెనవేలు బాగుంటుంది, దాని నరం ఈ సొరంగంలోంచి పోదు. రాత్రి మెలకువొచ్చి చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. రెండు చేతుల వెనక వైపులు ఒకదానికొకటి ఆనించి వేళ్లు కిందికి పెట్టి 60 సెకన్లు ఉంచితే తిమ్మిరి వస్తే అనుమానించాలి.

తొలిదశలో రాత్రుళ్లు స్ప్లింట్ (మణికట్టు కదలకుండా ఉంచే పట్టీ) కట్టుకుని ఆరు వారాలు చూడండి. మందుల షాపులో దొరికేవాటిలో చాలావరకు మణికట్టును వెనక్కి వంచి ఉంచుతాయి. లోపలి రేకును తీసి తిన్నగా చేసుకుని పెట్టుకోవాలి, వంగి ఉంటే ఒత్తిడి తగ్గదు. తగ్గకపోతే డాక్టరు నరం పరీక్ష రాస్తారు, ఇంజెక్షనో ఆపరేషనో చెప్తారు. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి బొటనవేలి మొదట్లో ఉన్న కండను పోల్చి చూడండి. ఒక వైపు పల్లంగా కనబడితే ఆరు వారాలు ఆగకుండా వెంటనే వెళ్లండి.