పైథాన్ క్యాలెండర్‌లో శని కాస్తా 'శన' ఎందుకవుతోంది?

మీరడిగింది టెక్స్ట్‌క్యాలెండర్‌కి (పైథాన్‌లో నెల క్యాలెండర్‌ని ఉత్త టెక్స్ట్‌గా ఇచ్చే క్లాస్) తెలుగు లొకేల్ (రోజుల పేర్లు ఏ భాషలో రావాలో చెప్పే సెట్టింగ్) ఇస్తే పైన వారాల వరసలో శని 'శన' అని, ఆది 'ఆద' అని ఎందుకొస్తోందనే కదా, నాక్కూడా అచ్చం ఇదే అయింది. నెలనెలా క్యాలెండర్‌ని మెయిల్‌లో పంపే చిన్న స్క్రిప్ట్ రాసుకుని, లొకేల్ తప్పేమో అని ఒక సాయంత్రమంతా దాన్నే తిరగేశా. తప్పు అక్కడ లేదు.

రోజు పేరుని సిద్ధం చేసే ఫార్మాట్‌వీక్‌డే అనే ఫంక్షన్ చేసేది ఇంతే: వెడల్పు (ఒక్కో పేరుకి ఎన్ని గుర్తుల చోటు ఇవ్వాలి అన్నది) 9 గానీ ఆపైన గానీ ఉంటే పూర్తి పేరు తీసుకుంటుంది, లేకపోతే పొట్టి పేరు, దాన్ని వెడల్పు దగ్గర కోసేసి మధ్యలో పెడుతుంది. మామూలుగా ఆ వెడల్పు 2. ఇంగ్లీషుకి ఇబ్బంది లేదు కానీ మనకి 'ని' అంటే న ఒకటి, గుడి ఒకటి, కంప్యూటర్ లెక్కలో రెండు, అంటే శని మొత్తం 3, రెండు దగ్గర కోస్తే గుడి ఎగిరిపోతుంది. వెడల్పు 4 చేశా, శని ఆది బాగయ్యాయి కానీ శుక్ర వెళ్ళి 'శుక్' అయింది. 5 చేస్తే పేర్లన్నీ నిండుగా వచ్చాయి, కానీ వరస వంకర. ఎందుకంటే శుక్ర కంటికి రెండక్షరాలే అయినా లెక్కలో 5, దానికి పక్కన ఒక్క స్పేస్ కూడా పడదు, సోమ 3 కాబట్టి దానికి రెండు పడతాయి.

చివరికి నేను చేసింది, టెక్స్ట్‌క్యాలెండర్ నుంచి నా క్లాస్ ఒకటి తీసి ఫార్మాట్‌వీక్‌డేని నేనే రాసుకున్నా. కోయడం అసలు లేదు, ఏడు పేర్లూ చేత్తో రాసిన లిస్ట్: సో, మ, బు, గు, శు, శ, ఆ. అన్నీ ఒక్కో అక్షరమే, ముందు ఒక స్పేస్ పెడితే కింద తేదీల్లో ఒకట్ల స్థానం మీదకి వస్తాయి. మంగళకి 'మం' అని పెట్టాలనిపించింది కానీ సున్నా ఇంకో గడి తినేస్తుంది, అందుకే ఉత్త 'మ'.

ఇక్కడ ఒకటి మాత్రం బాగా చూసుకోండి, లిస్ట్ సోమతోనే మొదలవ్వాలి! పైథాన్‌లో 0 అంటే సోమవారం, వారం ఆదివారంతో మొదలవ్వాలని ఫస్ట్‌వీక్‌డేకి 6 ఇచ్చినా ఆ నంబర్లు మారవు, చూపించే వరస మాత్రమే మారుతుంది. నేను జావాస్క్రిప్ట్ అలవాటులో ఆదితో మొదలుపెట్టా (అక్కడ 0 ఆదివారం), ఎర్రర్ ఏమీ రాలేదు, పేర్లన్నీ ఒక రోజు పక్కకి జరిగి మెయిల్ వెళ్ళిపోయింది, చూసినవాళ్ళు చెప్తేగానీ తెలీలేదు.

లొకేల్ వదిలేయడం వల్ల ఇంకో లాభం, సర్వర్‌లో తెలుగు లొకేల్ ఇన్‌స్టాల్ అయి ఉందా లేదా అన్న గొడవ లేదు. కాకపోతే చాలా ఫాంట్లలో తెలుగు అక్షరం ఒక్క గడిలో పట్టదు కాబట్టి టెర్మినల్‌లో గీత గీసినట్టు మాత్రం రాదు, అంత ఖచ్చితంగా కావాలంటే హెచ్‌టీఎమ్ఎల్‌క్యాలెండర్ వాడండి, అది టేబుల్ ఇస్తుంది, గడుల వెడల్పు బ్రౌజరే చూసుకుంటుంది.